నా నోట్లో నాలుక ఉంది

మొన్న మా అమ్మాయి ప్రోగ్రెస్ రిపోర్టు వచ్చింది. లెక్కల్లో మార్కులు బాగానే ఉన్నాయి. తెలుగులో ఇంకా బాగున్నాయి. సైన్సు సంగతి ఎందుకులెండి, ఎంతైనా నా కూతురు! చిక్కల్లా ఆఖరి గడిలో వచ్చిపడింది. క్లాసు టీచరు ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాలతో రాసిన మాటకి తెలుగు ఇది: "చాలా సిగ్గరి. నలుగురిలో కలవదు. ఇంటి దగ్గర శ్రద్ధ తీసుకోవాలి." దాని కింద తల్లిదండ్రుల అభిప్రాయం కోసమని రెండు గీతలు గీసి వదిలారు.

మూడు రోజులుగా ఆ రిపోర్టు నా బల్ల మీదే ఉంది. "సంతకం గీకి పంపక దానికింత ఆలోచనేమిటి?" అని మా ఆయన విసుక్కున్నారు. మూడేసి వందల పేజీల నవలలు రాసినదాన్ని, ఆ రెండు గీతలు నింపలేకపోయాను. సిగ్గరి అన్న ఆ మాట నాకు కొత్తది కాదు మరి. నా చిన్నతనం నుంచీ నా వెనకాలే తిరిగి తిరిగి, ఇప్పుడు నా కూతురి భుజం మీద వాలింది. ఆ రెండు గీతల్లో పట్టని సంగతంతా ఇక్కడ రాస్తున్నాను. కాస్త ఓపిక పట్టండి. ఎక్కువ మాట్లాడని మనిషి మొదలుపెడితే ఒక పట్టాన ఆపదు!

పోయిన వేసవిలో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళికి వెళ్ళాం. గౌరీపూజ మొదలు అప్పగింతలదాకా ఉన్నాను. వెళ్ళగానే అందర్నీ పేరుపేరునా పలకరించాను. పెళ్ళికూతురి జడకి పూలు సర్దాను. వడ్డన దగ్గర నించున్నాను. భోజనాలయ్యాక మాత్రం ఓ స్తంభం పక్కన కుర్చీ చూసుకుని, కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఓ అరగంట, అంతే.

ఆ అరగంటలో ముగ్గురొచ్చారు. ముందు మా పిన్ని వచ్చి, "ఇది చిన్నప్పట్నించీ ఇంతే, మహా సిగ్గు దీనికి" అంటూ నా గడ్డం పట్టుకుని పక్కావిడకి చూపించింది. నాకు నలభై అయిదేళ్ళు! ఉద్యోగానికున్నట్టు సిగ్గుకి కూడా ఓ రిటైర్మెంటు వయసు పెడితే బాగుండును. ఆవిడ అటు వెళ్ళగానే వదిన వరసావిడ ఇటొచ్చి, "ఏమమ్మా, రచయిత్రివయ్యాక మాతో మాట్లాడ్డం నామోషీయా?" అంది. నవ్వుతూ అంది గనక నేను కోపం తెచ్చుకోకూడదు. మూడో ఆవిడెవరో నాకు తెలీదు. పాపం, మంచి మనిషి. "ఒంట్లో బాగాలేదా అమ్మా? అమృతాంజనం ఇమ్మంటావా?" అని సంచీ తెరిచింది.

అదే కుర్చీ, అదే కాఫీ, అదే మౌనం. తీర్పులు మాత్రం మూడు - సిగ్గు, పొగరు, తలనొప్పి. "ఏం చేస్తున్నావు?" అని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే. పెళ్ళికూతురి తండ్రి వియ్యంకుడు ఎదురుపడ్డప్పుడల్లా భుజం మీది కండువా సర్దుకుంటున్నాడు. ఆయన పక్కకి వెళ్ళగానే దాన్ని తీసి చెమట తుడుచుకుంటున్నాడు. అది చూస్తూ కూర్చున్నాను. ఆ కండువాలో ఓ ఆడపిల్ల తండ్రి బతుకంతా ఉందనిపించి, అది చెదిరిపోకుండా మనసులో దాచుకుంటున్నాను. అలా చూసీ చూసీ అలసిన ప్రాణానికి ఆ కాస్త విశ్రాంతీ ఇచ్చుకుంటున్నాను.

సిగ్గంటే ఏమిటో నాకు తెలియక కాదు. సిగ్గంటే భయానికి పెట్టిన ముద్దుపేరు. నలుగురూ ఏమనుకుంటారో, తప్పు మాట్లాడతానేమో, నవ్వుతారేమో అన్న భయం. వెళ్ళాలని ఉంటుంది, కాళ్ళు రావు. నాకలా కాదు. కాళ్ళొస్తాయి, మాటా వస్తుంది. ఎప్పుడు చాలో నాకు తెలుస్తుంది, అంతే.

కిందటేడు ఓ సాహిత్యసభలో నలభై నిమిషాలు మాట్లాడాను. చేతిలో కాగితం లేదు, గొంతులో వణుకు లేదు. జనం బాగానే చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక వెనక గదిలో టీ తాగుతూ ఆరుగురం కూర్చున్నాం. ఊరి రాజకీయాలు, కొత్త సినిమాలు, ఎవరి మోకాళ్ళు ఎవరు ఆపరేషను చేశారు వగైరా కబుర్లు సాగాయి. పది నిమిషాల్లో నా బుర్ర నీళ్ళు తోడేసిన బావిలా అయిపోయింది. నేను చప్పుడు చెయ్యకుండా కూర్చునేసరికి ఒకాయన, "మైకు ముందు అంత బాగా మాట్లాడారు, మా ముందు సిగ్గా?" అన్నాడు. ఆ వెంటనే, మైకు ముందు మాట్లాడినావిడకి సిగ్గెలా ఉంటుందని తట్టింది కాబోలు, చూపు మార్చేశాడు. సిగ్గు కాకపోతే పొగరే మరి. మూడోది ఉండటానికి వీల్లేదు!

అసలు సిగ్గరిని చూడాలంటే మా చెల్లెల్ని చూడండి. ఇంట్లో అది ఉంటే రేడియో అక్కర్లేదు. పాలబ్బాయి దగ్గర్నించి పక్కవీధి టైలరు దాకా అందరితోనూ దానికి స్నేహమే. పదిమంది మధ్య లేకపోతే దానికి అన్నం సహించదు. గొంతు కూడా మంచిది. కానీ వేదికెక్కమంటే అరచేతుల్లో చెమటలు, నోరు తడారిపోవడం. కాలేజీ పాటల పోటీకి మూడేళ్ళూ పేరిచ్చి మూడేళ్ళూ జ్వరం తెచ్చుకుంది. ఆ జ్వరాలు నిజం జ్వరాలేనండోయ్! ఇప్పటికీ తల్చుకుని ఏడుస్తుంది. దాన్ని చూసి ఒక్కరైనా "పాపం, దీనికి సిగ్గు" అన్నారా? అనలేదు. వాగుడుకాయకి సిగ్గేమిటని అందరి ధీమా. బాధ దానిది, బిరుదు నాది. మా ఇద్దరికీ జరిగిన అన్యాయం ఒక్కటే.

ఇదేదో నేను ఇంట్లో కూచుని కల్పించిన సిద్ధాంతమనుకోకండి. యూంగ్ అనే స్విట్జర్లండు మనోవైద్యుడు 1921లో మనుషుల స్వభావాల మీద ఓ పెద్ద గ్రంథం రాశాడు. మనసు లోపలికి మొగ్గేవాళ్ళూ, బయటికి మొగ్గేవాళ్ళూ ఉంటారని అందులో వివరించాడు. మనం అంతర్ముఖులు, బహిర్ముఖులు అంటున్నది వాళ్ళనే. 1981లో చీక్, బస్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఇంకో మెట్టెక్కి, సిగ్గు వేరు, జనం మధ్య ఉండాలన్న కోరిక వేరు అని పరీక్షలు చేసి చూపించారు. జనం కావాలని ఉండి, జనాన్ని చూస్తే జంకు కూడా ఉన్నవాళ్ళే అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడ్డారట. ఆ పత్రం చదివినప్పుడు మా చెల్లెలి జ్వరాలు గుర్తొచ్చి నాకు కళ్ళు చెమర్చాయి.

మన వంటింటికి దగ్గరగా ఉండే పరీక్ష ఇంకోటుంది. 1967లో ఐసెంక్ దంపతులు కొంతమంది నాలుకల మీద నాలుగేసి చుక్కల నిమ్మరసం వేసి, ఎవరి నోట్లో ఎంత లాలాజలం ఊరిందో కొలిచి ప్రకటించారు. అంతర్ముఖులకి ఎక్కువ ఊరింది. బయటినుంచి ఏది తగిలినా, రుచి కానివ్వండి, చప్పుడు కానివ్వండి, వీళ్ళకి కాస్త గట్టిగా తగులుతుందని దానికి వాళ్ళు చెప్పుకున్న కారణం. దీన్ని పట్టుకుని పెళ్ళిచూపుల్లో అమ్మాయి నాలుక మీద నిమ్మకాయ పిండమని నేను చెప్పటం లేదు. కానీ ఒక్కమాట. నాలుగు చుక్కలకే అంత తేడా ఉంటే, సన్నాయి, డోలు, మైకు, వీడియో దీపాలు, అయిదొందల మంది జనం ఉన్న పెళ్ళిపందిరి నాబోటిదానికి నిమ్మకాయల బస్తా కాదూ? "అమ్మాయికి నోట్లో నాలుక లేదు" అని నన్నెంతమంది అన్నారో లెక్కలేదు. నాలుక లేకేం, మీ అందరి నాలుకలకంటే నాది ముందే పులుస్తోందని ఇన్నాళ్ళకి తెలిసింది!

సిగ్గుతో వచ్చే మౌనానికీ, ఇష్టపడి పాటించే మౌనానికీ తేడా ఒకే మనిషిలో చూడాలంటే గాంధీగారి ఆత్మకథ తెరవండి. లండన్లో చదువుకునే రోజుల్లో ఆయన శాకాహార సంఘంలో కార్యవర్గ సభ్యుడు. సమావేశాలకి తప్పకుండా వెళ్ళేవారు, నోరు మాత్రం పెగిలేది కాదు. రాసుకెళ్ళిన కాగితం తను చదవలేక ఇంకొకరిచేత చదివించారు. 1891లో తిరిగి వచ్చేముందు మిత్రులకి విందిచ్చి, ఎంతో తయారు చేసుకున్న ఉపన్యాసం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతే, కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నారు. బొంబాయిలో మొదటి కేసుకి 30 రూపాయలు ఫీజు పుచ్చుకుని, సాక్షిని అడగటానికి లేచి, తల తిరిగిపోయి, ఇంకో వకీలుని పెట్టుకోమని చెప్పి బయటపడ్డారు. అది సిగ్గు. ఆయనే ఆ మాట ఒప్పుకున్నారు.

అదే గాంధీగారు తరవాత సోమవారాలు మౌనం పట్టారు. దేశ విభజన మాటలు జరుగుతున్న 1947 జూన్ 2 కూడా సోమవారమే. ఆవేళ మౌంట్‌బాటెన్ అంతటివాడు ఎదురుగా కూర్చుంటే, ఈయన పాత కవర్ల వెనక పెన్సిలుతో జవాబులు రాసిచ్చారు గానీ వ్రతం విడవలేదు. ఇది సిగ్గా? ఎవరైనా అనగలరా? రెండిట్లోనూ నోరు మూసుకునే ఉంది. ఒకచోట నోటికి తాళం వేరేవాళ్ళు వేశారు, రెండోచోట తాళంచెవి ఆయన మొలలోనే ఉంది. బయటినుంచి చూసేవాళ్ళకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకే బయటినుంచి చూసి చెప్పకూడదంటాను.

మన భాషని చూడండి. సిగ్గు, బిడియం, జంకు, బెరుకు, మొహమాటం - ఇన్ని మాటలున్నాయి. పొగరు, గర్వం, టెక్కు, మిడిసిపాటు - వీటికీ కొదవలేదు. ఇక ముంగి, నంగనాచి అన్న బిరుదులు ఆడపిల్లల కోసమే పుట్టాయి. తనలో తాను నిండుగా ఉండే ఆడమనిషికి వాడుకలో ఒక మంచి మాట కావాలంటే దొరకదు. అంతర్ముఖి అన్నది పుస్తకాల మాట, మా పిన్నికి తెలీదు. మితభాషి అని ఒకటుంది గానీ దాన్ని రాముడికి అట్టే పెట్టారు. రాముడు మితభాషి అయితే సుగుణం, కోడలు మితభాషి అయితే ఇల్లాలికి ఉండకూడని లోపం!

మగవాళ్ళ విషయంలో ఈ లెక్క ఎలా మారుతుందో గమనించారా? 1991 నుంచి 1996 దాకా మన పి.వి. నరసింహారావుగారు ప్రధానిగా ఉన్నప్పుడు, ఆయన మాట్లాడకపోతే దేశమంతా చాణక్యం అంది. ఆ మూతి ముడుపుని కార్టూనిస్టులు వేసి వేసి మురిసిపోయారు. "ఆయనకి సిగ్గండీ" అన్నవాళ్ళని నేను చూడలేదు. మగవాడు మాట్లాడకపోతే ఆలోచిస్తున్నాడు. ఆడది మాట్లాడకపోతే అయితే సిగ్గుపడుతోంది, లేకపోతే అలిగింది. పెళ్ళికి ముందు సిగ్గు, పెళ్ళయ్యాక పొగరు. మెళ్ళో మూడు ముళ్ళు పడగానే ఒకే మౌనం సుగుణంలోంచి దుర్గుణంలోకి ఎలా మారిపోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇదంతా పేర్ల గొడవే అయితే నవ్వుకుని ఊరుకుందును. ఊరుకోలేకపోవడానికి కారణముంది. "మౌనం అర్ధాంగీకారం" అని మనవాళ్ళు ఓ ముక్క వాడుకలో పెట్టారు చూశారూ, దాని మీద నాకు పాత కక్ష ఉంది.

నాకు 2003లో పెళ్ళిచూపులు జరిగాయి. అప్పటికి నేను బి.ఏ. అయ్యాక ఓ ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తున్నాను. జీతం చాలా కొంచెం. కానీ ఏడో తరగతి పిల్లలకి అశోకుడి కథ చెప్తూంటే వాళ్ళ కళ్ళు పెద్దవయ్యేవి. ఆ కళ్ళ కోసమే వెళ్ళేదాన్ని. పెళ్ళివారొచ్చి, జంతికలు, సున్నుండలు తిని, అదీ ఇదీ మాట్లాడాక మా అత్తగారు - అప్పటికింకా కారనుకోండి - నా వైపు తిరిగి, "మాది పెద్ద సంసారం. పెళ్ళయ్యాక ఉద్యోగం మానెయ్యాలేమో. నీకేమైనా అభ్యంతరమా అమ్మా?" అని అడిగారు. చాలా మర్యాదగానే అడిగారు.

నేను ఆలోచించాను. ఏ ప్రశ్నకైనా నాకు ఆలోచించుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. నా తయారీయే అంత. మాట ముందు లోపల ఉడకాలి, తరవాతే బయటికొస్తుంది. "మానను. ఆ ఊళ్ళో బడి చూసుకుంటాను. పొద్దున్నే వంటపని చేసి వెళ్తాను" అని ఉడికేసరికి, మా మేనత్త పకపకా నవ్వి, "దానికి సిగ్గండీ! పెద్దల మాట కాదనే పిల్ల కాదు" అనేసింది. అందరూ నవ్వారు. తాంబూలాలు ఎప్పుడు పుచ్చుకోవాలన్నదాంట్లోకి మాట వెళ్ళిపోయింది. ఆ రెండు నిమిషాల్లో నా ఉద్యోగం పోయింది.

ఎవరూ నన్ను బెదిరించలేదు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. నాకొక పేరుంది, ఆ పేరు నా తరఫున జవాబు చెప్పింది, అంతే. పదేళ్ళ తరవాత ఓనాడు బియ్యం ఏరుకుంటూ కూర్చున్నప్పుడు ఈ మాటొస్తే మా అత్తగారు ఆశ్చర్యపోయి, "ఆవేళ నువ్వు ఒక్కమాట అంటే నేను కాదందునా? నీకే ఇష్టం లేదేమో అనుకున్నాను" అన్నారు. ఆవిడ నిజమే చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడ నా తప్పు కూడా దాచుకోకూడదు. మర్నాడు చెప్పొచ్చుగా? ఉత్తరం రాయొచ్చుగా? రాయడం నాకు చేతనైన పనే! కానీ సిగ్గరి అన్న పేరుతో ఓ సుఖం కూడా ఉంది. కష్టమైన మాట చెప్పక్కర్లేదు. ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. నేను సిగ్గరిని కాకపోయినా ఆ ముసుగు కింద కొన్నాళ్ళు చల్లగా తలదాచుకున్నాను. మీలో కూడా కొందరు అలా దాక్కున్నారని నాకు తెలుసు. ఆ నీడకి అద్దె ఎంత కట్టామో తరవాత గానీ తెలియదు.

మా అమ్మమ్మ పూజ రెండు గంటలు. పన్నెండు మంది ఉన్న ఇల్లది. పొద్దున్నే మడి కట్టుకుని పూజగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసేది. ఎంత భక్తి అని ఊరంతా అనేవారు. చిన్నప్పుడొకసారి తలుపు సందులోంచి చూశాను. గంట మోగటం లేదు, పెదవులు కదలటం లేదు. గోడకి జారబడి కిటికీలోంచి పెరట్లో కరివేపాకు చెట్టుకేసి చూస్తోంది. మొహం ఎంత ప్రశాంతంగా ఉందో! నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నాకు అర్థమవుతోంది. పన్నెండు మంది ఉన్న ఇంట్లో ఆడది తలుపేసుకున్నా ఎవరూ "ఏమైంది?" అని అడగని గది అదొక్కటే. మూగనోమని నోముల్లో కూడా ఒకటి పెట్టారు మన ఆడవాళ్ళు. దేవుడి పేరు చెప్పి నోరు మూసుకుంటే నోము. మనకోసం మనం మూసుకుంటే రోగం! మా అమ్మమ్మకున్న తెలివి నాకు లేక నిజం చెప్పి చెడ్డదాన్నవుతున్నాను.

"అయితే ఏమంటావు? చుట్టపక్కాల్ని మానెయ్యమంటావా?" అని మీరడగొచ్చు. అననండీ. పలకరింపు మర్యాద, మర్యాదకి స్వభావం అడ్డం రాకూడదు. గడప తొక్కినవాళ్ళకి మంచినీళ్ళివ్వాలి. చావింటికి వెళ్ళి చెయ్యి పట్టుకుని కూర్చోవాలి. నిజానికి అక్కడ మాటకారులకంటే మావాళ్ళే నయం! ఈమధ్య కుర్రకారులో "నేను ఇంట్రావర్టుని" అని చెప్పి గదిలో ఫోను పట్టుకుని పడుకోవడం ఒక ఫాషనైంది. దాన్నీ నేను సమర్థించను. అంట్లు తోమడానికీ, అమ్మమ్మకి మందులివ్వడానికీ అంతర్ముఖత్వం అడ్డం రాదు. వంక వేరు, స్వభావం వేరు. అలాగే గలగలా మాట్లాడేవాళ్ళ మీద నాకు కంటగింపూ లేదు. వాళ్ళు లేకపోతే మా ఇళ్ళలో పెళ్ళిళ్ళే కావు. మా పిన్ని లేని పెళ్ళి ఉప్పు లేని పప్పే. నేనడిగేది చాలా చిన్నది. మాట్లాడనివాళ్ళ మనసులో ఏముందో మీరు చెప్పెయ్యకండి. అడగండి. అడిగాక, ఆగండి.

ఇంత చెప్పిన నేను ఏం చేశానో కూడా వినండి. పోయిన దసరాకి మా ఇంట్లో బొమ్మలకొలువు పెట్టాం. పేరంటాళ్ళొచ్చారు. మా అమ్మాయి అందరికీ బొట్టు పెట్టింది, శనగలు పంచింది, పెద్దవాళ్ళకి నమస్కారాలు చేసింది. తరవాత వెళ్ళి కొలువు పక్కన కూర్చుంది. ఒకావిడ "పిల్ల పాడదా?" అని అడిగింది. అంతే, నా నోట్లోంచి ఊడిపడింది - "పాడవే! సిగ్గెందుకు?"

అన్నాక గుండె గతుక్కుమంది. అచ్చం మా మేనత్త గొంతు! నలుగురి ముందూ నా కూతురు ముద్దపప్పులా కనిపిస్తోందేమోనని నాకు బెంగ పట్టుకుంది. వాళ్ళేమనుకుంటారో అన్న భయం. అంటే ఆ గదిలో సిగ్గుపడింది నేనన్నమాట.

అది నాకేసి చూసింది. వెంటనే ఏమీ అనలేదు. నేను అదృష్టవశాత్తూ రెండో మాట మింగేశాను. కాసేపాగి, మెల్లిగా, తల వంచుకోకుండా, "సిగ్గు లేదమ్మా. ఇప్పుడు పాడాలని లేదు" అంది. ఆవిడ నవ్వేసి, "పోన్లే తల్లీ, పాడాలనిపించినప్పుడే పాడు" అంది. ఇరవై మూడేళ్ళ క్రితం నాకు కావలసిన రెండు నిమిషాలు నా కూతురికి ఓ పేరంటాలు ఇచ్చింది. నేను ఇవ్వబోయింది మాత్రం మా మేనత్త నవ్వు.

రాత్రి అందరూ వెళ్ళాక, కొలువు దగ్గర దీపం సర్దుతూ అది తనలో తను పాడుకుంటూంటే వంటింట్లోంచి విన్నాను. బాగా పాడుతుంది. మీరు వినలేదంటే మీ తొందరే కారణం.

ఇవాళ పొద్దున్న కాఫీ తాగి, ఆ ప్రోగ్రెస్ రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాను. టీచరమ్మ మీద కోపమేమీ లేదు. క్లాసులో యాభైమంది పిల్లలు, ఆవిడకి నలభై నిమిషాలు. ఎవరు చెయ్యెత్తితే వాళ్ళే కనిపిస్తారు. అయినా రాయవలసింది రాయాలి కదా. పిల్ల భవిష్యత్తులో ఎవరెవరో వచ్చి ప్రశ్నలడుగుతారు. చదువు గురించి, ఉద్యోగం గురించి, పెళ్ళి గురించి. అప్పుడు ఈ గడిలో ఉన్న మాట దాని తరఫున జవాబు చెప్పకూడదు. ఆ రెండు గీతల మీద ఇలా రాసి సంతకం పెట్టాను:

"మా అమ్మాయి సిగ్గరి కాదు. నెమ్మదస్తురాలు.
ఏదైనా అడిగితే రెండు నిమిషాలు ఆగండి. తనే చెబుతుంది."